మోంటెర్కి గ్రామాలయము: గర్భవతియైన మరియమాత

ఇటలీ దేశపు చిత్రకళను గూర్చి మాటలాడునప్పుడు రోము, ఫ్లారెన్సు, వెనిసు నగరముల పేళ్లే మొదట నోటికి వచ్చును. పోపులును, ప్రభువులును, కోటికి పడగలెత్తిన వర్తకులును ఆ నగరములందు ధనమును వెదజల్లి చిత్రకారులను పోషించిరి గనుక అది సహజమే. కాని ఆ దేశపు చిత్రములలో మిక్కిలి గంభీరమైనదొకటి రాజసభకొఱకు పుట్టినది కాదు. ఒక చిన్న పల్లె వెలుపల నుండిన గ్రామాలయపు గోడమీద అది పుట్టినది. దానిని తరతరములుగ వెదకికొని వచ్చినవారు కళాకోవిదులును గారు. ప్రసవభయముతో వచ్చిన రైతుల యిండ్ల గర్భిణులు. ఆ యాలయముయొక్కయు, ఆ చిత్రముయొక్కయు కథ మన గృహములలో చదువదగినదని తోచి యిచట వ్రాయుచున్నాము.

టస్కనీ మండలపు తూర్పు కొసను, ఆరెజ్జో పట్టణమునకును సాన్సెపోల్క్రో పట్టణమునకును నడుమ, ఒక చిన్న గుట్టమీద మోంటెర్కి యను గ్రామము కలదు. దాని ప్రాచీన నామమునకు హెర్క్యులీసు కొండ యని యర్థము. రోమకులనాటి వీరదైవతపు పేరు క్రైస్తవయుగమునందును ఆ గుట్టను విడువలేదు. నేటికిని ఆ గ్రామమునందును దాని పరిసరములయందును కలిసి రెండువేలకు లోపుగనే జనులున్నారు. గ్రామపు కోటగోడలకు వెలుపల, మొమెంతానా యను చోట, మధ్యయుగమునాటి చిన్న ఆలయమొకటి యుండెడిది. దానిని అడవిలోని మరియమాత యాలయమని పిలిచెడివారు. అది పెద్ద గోపురములుగాని, చలువరాతి స్తంభములుగాని లేని పల్లెటి గుడి. చుట్టుపట్ల పొలములలో పనిచేయువారు పండుగనాడు వచ్చి కొవ్వొత్తి వెలిగించి పోవుటకు తగినట్టిది.

ఇట్టి గుడి గోడమీద పదునైదవ శతాబ్దపు నడిమికాలమున బొమ్మ వేసినవాడు సామాన్యుడు కాడు. పియేరో డెల్లా ఫ్రాంచెస్కా యను నాతడు ఇటలీలోని పునరుజ్జీవనయుగపు చిత్రకారులలో అగ్రశ్రేణికి చెందినవాడు. సాన్సెపోల్క్రో ఆతని జన్మస్థలము. ఆతని తండ్రి తోలువర్తకము చేసిన గృహస్థుడు. చిత్రకారుడగుటయే గాక యాతడు గణితవేత్తయు నైయుండెను. దూరమున నున్న వస్తువు కంటికెట్లు చిన్నదిగ గనబడునో, దానిని పలకమీద నే కొలతతో దింపవలయునో తెలుపు గ్రంథమొకటియు, వర్తకులకు వలయు లెక్కల గ్రంథమొకటియు, రేఖాగణితమందలి ఘనరూపములను గూర్చిన గ్రంథము మఱియొకటియు రచించెను. ఆరెజ్జోలోని సెయింటు ఫ్రాన్సిసు ఆలయమున సిలువకథను గోడల నిండ చిత్రించినవాడీతడే. ఉర్బీనో ప్రభువువంటివారు ఆతని పనికొఱకు కాచుకొనియుండిరి. 1492వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీని, కొలంబసు అట్లాంటికు సముద్రమునకు ఆవలి దీవిని జేరిన దినముననే, యాతడు స్వగ్రామమున మరణించెను.

అంతటివాడు ఈ పల్లెగుడికేల వచ్చెనని యడుగవచ్చును. దీనికి సమాధానమొకటి యాతని యింటనే కలదు. ఆతని తల్లి రొమానా పుట్టినూరు మోంటెర్కి. ఆమె 1459లో మరణించెను. చిత్రమును ఆ కాలముననే, తల్లి జ్ఞాపకార్థముగ ఆమె పుట్టింటి గ్రామమున వేసియుండవచ్చునని కొందఱు చరిత్రకారు లూహించిరి. అది యూహయే గాని నిర్ణయము గాదు. అయినను మేనమామల యూరి గుడికి వచ్చిన మేనల్లునిగ ఆతనిని తలంచుకొనుట మనకు కష్టము గాదు. పేరు ప్రతిష్ఠలు సంపాదించినవాడు తల్లి పుట్టినూరికి ఋణపడియుండుట యేదేశముననైనను ఒక్కటియే గదా!

ఇక చిత్రమును జూతము. అది రమారమి రెండున్నర మీటర్ల యెత్తును, రెండు మీటర్ల వెడల్పును గలది. నడుమ ఒక డేరా. దాని వస్త్రముమీద దానిమ్మపండ్ల యల్లిక. లోపలివైపున ఉన్ని తోళ్లను చతురముగ గోసి కుట్టిన యస్తరు. ఇద్దఱు దేవదూతలు ఇరుప్రక్కల నిలిచి తెరను చెరియొక చేతితో తొలగించుచున్నారు. తెర తొలగినచోట నీలపు గౌను ధరించిన స్త్రీ యొకతె నిలిచియున్నది. ఆమె క్రీస్తు తల్లియైన మరియ. ఆమెకు నెలలు నిండినవి. బరువుచే వెనుకకు కొంచెము వాలిన నడుమునకు ఎడమచేతిని ఊతగ బెట్టుకొన్నది. గౌను ముందటి ముడులు విప్పుకొనగా లోపలి తెల్లని వస్త్రము గానవచ్చుచున్నది. ఆ చీలికమీద కుడిచేతి వ్రేళ్లను మెల్లగ నానించినది. కన్నులు క్రిందికి వాలియున్నవి. ముఖమున నవ్వు లేదు, ఏడుపును లేదు. తనలోని మఱియొక ప్రాణమును గూర్చిన యెఱుకయే యున్నది.

దేవదూతలిద్దఱును ఒకే రూపమువారు. ఒకని యెడమ యింకొకనికి కుడి. ఒకనికి ఎఱ్ఱనిచోట రెండవవానికి పచ్చన. చిత్రకారుడు ఒకే కాగితపు నమూనాను తిరుగవేసి రెండవ ప్రక్క వాడుకొనెను. మన యింటి ఆడువారు కుట్టుపనికై కాగితముమీది పువ్వు చుట్టును సూదితో చిల్లులు పొడిచి, పొడి యద్ది, గుడ్డమీదికి గీతను దింపుదురు గదా! ఇటలీ చిత్రకారులును బొగ్గుపొడి మూటతో గోడమీద నట్లే చేసెడివారు. ఈ సులభోపాయమును పియేరో సోమరితనముచే వాడినట్లు తోచదు. ఇరుప్రక్కల సమానమైనవి నిలిచినప్పుడు చూపు తప్పక నడుమకు బోవును. ఆ నడుమ నున్నది తల్లి.

గోడచిత్రపు పద్ధతి నించుక తెలిసికొన్నగాని యీ పనిలోని నిబ్బరము మనకు తెలియదు. ఇసుక కలిపిన సున్నపు గచ్చును గోడకు పూసి, అది తడియారకమునుపే నీటితో నూఱిన రంగులను దానిమీద వేయవలయును. సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి మరల రాయిగ మాఱునప్పుడు రంగు ఆ రాతిలోనే చిక్కుకొనిపోవును. అందుచే అది శతాబ్దములు నిలుచును. కాని గచ్చు ఆరినదా, రంగు పట్టదు. తప్పు చేసినచో చెక్కివేసి మరల పూయవలసినదే. కాబట్టి చిత్రకారుడు ప్రొద్దున లేచి, ఆనాడు ముగింపగలిగినంత మేరకే గచ్చు పూయించుకొనును. ఆ పూతల యంచులు నేటికిని పరీక్షించువారికి దొరకును. వాని లెక్కనుబట్టి మోంటెర్కి చిత్రము ఏడు దినముల పూతలలో ముగిసినదని తేలినది.

ఏడు దినముల పనియే యైనను పల్లెగుడి గదా యని సరకులో లోభము చూపలేదు. మరియ గౌనుకు వాడిన నీలము లాజవర్దపు ఱాతినుండి తీసినది. ఆ ఱాయి ఆకాలమున ఆఫ్గనిస్థానపు బదక్షాను కొండలనుండి ఒంటెలమీదను, ఓడలమీదను ఇటలీకి చేరెడిది. సముద్రముల కావలినుండి వచ్చినది గనుక దానికి ఆ పేరే పెట్టిరి. వెల మిక్కిలి హెచ్చు గనుక చిత్రకారులతో వ్రాసికొను ఒడంబడికలలో ఎంత నీలము, ఏ తరగతి నీలము వాడవలయునో యజమానులు ప్రత్యేకముగ వ్రాయించుకొనెడివారు. ధనికుల మందిరములకు దగిన ఆ రంగును, నెలలు నిండిన పల్లె స్త్రీలు మ్రొక్కు బొమ్మకు వాడిరి.

టస్కనీలో ఇట్టి చిత్రములు అంతకుముందును లేకపోలేదు. గర్భవతియైన మరియను పదునాలుగవ శతాబ్దపు చిత్రకారులు పలువురు చిత్రించిరి. కాని వారి చిత్రములలో తఱచుగ ఆమె చేతిలో గ్రంథ ముండును. దేవుని వాక్కే ఆమెయందు శరీరము దాల్చినదని ఆ గ్రంథము తెలుపును. సిద్ధాంతమును ముందు చూపి తల్లిని దాని చాటున నిలుపు మర్యాద యది. పియేరో గ్రంథమును తీసివేసెను. మిగిలినది ఒక స్త్రీ, ఆమె నడుము నొప్పి, ఆమె విప్పుకొనిన ముడులు. అట్లయ్యు ఆమె మహత్త్వమునకు రవంతయు లోపము రాలేదు. దైవత్వమును తెలుపుటకు స్త్రీ దేహధర్మమును దాచవలసిన పనిలేదని యీ చిత్రము నోరు విప్పకయే చెప్పుచున్నది.

ఆనాటి స్త్రీలకు ఆ మాట యెంత వలసియుండెనో వారి బ్రతుకులు చెప్పును. ప్రసవము వారికి పునర్జన్మమే. ధనిక కుటుంబముల స్త్రీలు సైతము గర్భము ధరించినప్పుడు మరణశాసనములు వ్రాయించుట కలదు. బిడ్డను గన్న యిల్లాలికి రంగులు వేసిన కొయ్యపళ్లెరమున పథ్యాహారమును, కానుకలను దెచ్చి యిచ్చుట టస్కనీలోని మర్యాద. 1449లో లొరెంజో డి మెడిచి పుట్టినప్పుడు చేయించిన పళ్లెరము నేడు న్యూయార్కులోని మెట్రోపాలిటను ప్రదర్శనశాలలో నున్నది. ఆ వేడుక వెనుక నుండినది భయము. బ్రతికి బయటపడినదను సంతోషమే ఆ పళ్లెరముల రంగు. పళ్లెరము చేయించుకొనజాలని పేదయింటి స్త్రీకి గ్రామాలయపు గోడయే దిక్కు. ఆ గోడమీద తనవలెనే నడుము పట్టుకొని నిలిచిన తల్లిని జూచి, ఈమెకు నా బాధ తెలియునని యామె నమ్మెను.

కాలము మాఱినది. 1545 మొదలు 1563 వఱకు ట్రెంటు నగరమున జరిగిన క్రైస్తవ మహాసభ ఆలయ చిత్రములందు అనుచితమైన దేదియు నుండరాదని శాసించెను. అటుపిమ్మట నిండుగర్భముతోనున్న మరియను చిత్రించుట అరుదైపోయినది. ఏ స్థితి లేనిదే మానవజాతి యుండదో ఆ స్థితి చూపునకు తగనిదని పెద్దలు తలంచిరి. ఇది ఆ దేశమున కొక్కదానికే చెందిన దోషము గాదు. మాతను దేవతయని పూజించుచు, గర్భిణి మాటను మాత్రము గుసగుసగ చెప్పుకొను మర్యాద నాగరికులనుకొనువారి యిండ్లలో ఎన్నిచోట్ల లేదు?

1785లో మొమెంతానాలోని ఆలయమునకును గండము వచ్చినది. గ్రామమునకు శ్మశానభూమి వలసి ఆలయములో పెద్దభాగమును పడగొట్టిరి. మిగిలిన కొంతభాగము శ్మశానపు చిన్న గుడియైనది. చిత్రపు పైభాగము కొంత నశించినను తల్లియు, దేవదూతలును మాత్రము దక్కిరి. అటుపిమ్మట, పుట్టుకకొఱకు మ్రొక్కు స్త్రీలు సమాధుల నడుమనుండి నడచి ఆ తల్లికడకు పోవలసివచ్చినది. పండితలోకమా చిత్రమును ఎఱుగనే యెఱుగదు. చిత్రకారుని పేరు మఱవబడినది. 1889లో విన్చెంజో ఫుంఘీని యను ఆరెజ్జో వాస్తవ్యుడు దానిని జూచి ఇది పియేరో చేతిపనియే యని గుర్తించెను. నాటినుండి గ్రంథములయందు ఆ చిత్రము “కనుగొనబడినది” యని వ్రాయబడుచున్నది. గ్రామస్త్రీల దృష్టిలో అది యెన్నడు పోయినది గనుక కనుగొనుటకు? పండితులు దానికి కర్తపేరును మరల సంపాదించిరి. దాని ప్రయోజనమును మఱవక నిలుపుకొనినవారు చదువురాని స్త్రీలు. చరిత్ర వ్రాయునప్పుడు ఈ రెండు ఋణములను వ్రాయవలయును.

1911లో చిత్రమును గోడనుండి జాగ్రత్తగ విడదీసి భద్రపఱచిరి. 1917లో వచ్చిన భూకంపమున ఆ ప్రాంతము మిక్కిలి దెబ్బతినగా కొంతకాలము దానిని సాన్సెపోల్క్రోలో నుంచి మరల తెచ్చిరి. రెండవ ప్రపంచయుద్ధమున ఈ లోయయంతయు రణరంగమైనది. 1944లో సాన్సెపోల్క్రో పట్టణముమీద ఫిరంగులు పేల్చుటకు నియుక్తుడైన ఆంటొనీ క్లార్కు అను నాంగ్ల సైనికాధికారి కాల్పులు నిలిపివేసెను. ఆ పట్టణమందున్న పియేరో చిత్రమగు క్రీస్తు పునరుత్థానమును ప్రపంచమున కెల్ల శ్రేష్ఠమైన చిత్రమని ఆల్డసు హక్స్‌లీ 1925లో ప్రకటించిన యొక వ్యాసమున కొనియాడియుండెను. ఆ వ్యాసము చదివిన జ్ఞాపకము క్లార్కునకు సమయమునకు వచ్చినది. శత్రుసైన్యము అప్పటికే వెడలిపోయినదని తరువాత తెలిసినది. ఒక వ్యాసము ఒక పట్టణమును కాపాడుట చరిత్రలో తఱచుగ జరుగదు, జరిగినదనుటకిది నిదర్శనము.

యుద్ధమైన పదియేండ్లకు, 1954లో, ఫ్లారెన్సు నగరమున ప్రాచీన మహాచిత్రకారుల పనులను జూపు గొప్ప ప్రదర్శనము జరిగినది. దానికి మోంటెర్కి చిత్రమును ఎరవిమ్మని యడిగిరి. ప్రపంచమంతయు చూచునని చెప్పిరి. గ్రామాధికారి యొప్పుకొనలేదు. మా యూరి గర్భిణులు సుఖప్రసవమునకై ఆ తల్లికి మ్రొక్కుకొందురు. ఆమెను పంపజాలమని గ్రామముపక్షమున సమాధానము పోయినది. ఈ మాటను విని నవ్వినవారుందురు. మూఢవిశ్వాసమని తీసివేసినవారును ఉందురు. సంస్కారప్రియులమైన మనమేమందుము?

తొందరపడి తీర్పు చెప్పరాదు. బొమ్మకు మ్రొక్కినంతమాత్రమున ప్రసవము సుఖమగునని చెప్పుట సత్యముగాదు. ఆ చిత్రము గోడమీద నున్న నాలుగు శతాబ్దములలోను మ్రొక్కియు మరణించిన తల్లు లెందఱో యుందురు. వారిని రక్షింపదగిన జ్ఞానము మఱియొక చోటనుండి వచ్చినది. 1847లో వియన్నా నగరపు ప్రసూతి వైద్యశాలలో సెమ్మెల్వైసు అను వైద్యుడు ఒక విషయము గమనించెను. మంత్రసానులు పురుడుపోయు విభాగముకంటె వైద్యులు పురుడుపోయు విభాగమున సూతికాజ్వరముచే చచ్చువారు మిక్కిలి యెక్కువ. వైద్యులు శవపరీక్ష గదినుండి నేరుగ గర్భిణులకడకు వచ్చుచుండిరి. ఆతడు క్లోరిను కలిసిన సున్నపునీటితో చేతులు కడుగుకొనవలయునని కట్టుదిట్టము చేసెను. ఆ విభాగమున ఏప్రిలు నెలలో నూటికి 18 మందికిపైగ నుండిన మరణములు జూనులో నూటికి రెండింటికి దిగినవి. గోడమీది చిత్రమును నిలిపిన సున్నమే, మఱియొక రూపమున, మంచముమీది తల్లిని నిలిపినది.

అయినను సెమ్మెల్వైసును ఆతని తోడివైద్యులు వెంటనే నమ్మలేదు. మా చేతులే మృత్యుకారణమా యని కోపించిరి. 1865లో ఆతడు పిచ్చివారి శాలలో దిక్కులేక మరణించెను. పల్లెటి స్త్రీ మూఢవిశ్వాసమువలన కలిగిన నష్టముకంటె పట్టణపు పండితుని దురభిమానమువలన కలిగిన నష్టము తక్కువదని యెవరనగలరు? విజ్ఞానము గ్రంథములయందు పుట్టినంత మాత్రమున తల్లులు బ్రతుకలేదు. తల్లి ప్రాణము విలువైనదను భావము వైద్యుని చేతిదాక దిగివచ్చినప్పుడే బ్రతికిరి. ఆ భావమును పియేరో నాలుగువందల యేండ్లకు పూర్వమే గోడమీద నిలిపియుంచెను. కాబట్టి మ్రొక్కును చికిత్సకు మాఱుగ గొనుట తప్పు. చికిత్స వచ్చినది గదాయని మ్రొక్కులోని గౌరవమును విడుచుటయు తప్పే. మోంటెర్కివారు చిత్రమును పంపమనుటలో, ప్రదర్శనపు ప్రతిష్ఠకంటె తమ గర్భిణుల మనశ్శాంతి గొప్పదను విలువ కలదు. దానిని మనము నవ్వులాటకు గొనరాదు.

1992లో పియేరో మరణించి అయిదువందల యేండ్లయిన సందర్భమున చిత్రమును శుభ్రపఱచి, తేమనుండియు, మనుష్యుల యూపిరినుండియు కాపాడుటకై, గ్రామములోని పాత ప్రాథమిక పాఠశాలలో నేర్పఱచిన చిత్రశాలకు జేర్చి, అద్దము చాటున నిలిపిరి. అంతట వివాదము పుట్టినది. అది గ్రామముయొక్క ఆస్తియని కొందఱు, ఆలయమునకు చెందిన పూజ్యవస్తువని కొందఱు, జాతీయసంపదయని కొందఱు వాదించిరి. శ్మశానపు గుడికి మరల చేర్చవలెనని పట్టుబట్టినవారును గలరు. చిత్రశాలకు ప్రవేశరుసుము పెట్టినప్పుడు ఒక యేర్పాటు మాత్రము చేసిరి: గర్భిణులకు రుసుము లేదు. వివాదములన్నిటిలోను అందఱును ఒప్పుకొనదగిన న్యాయ మీ చిన్న నియమమున నున్నట్లు మాకు తోచుచున్నది. చిత్రము ఎవరిదైనను కావచ్చును. దాని మొదటి హక్కుదారులెవరో ఆ నియమము మఱవలేదు.

మధ్యయుగపు ఆ గ్రామాలయము నేడు పూర్ణముగ లేదు. గోడలు కూలినవి, చిత్రము తావు మాఱినది, రంగు కొంత రాలినది. అయినను తెర నెత్తిపట్టిన దేవదూతలు ఐదున్నర శతాబ్దములుగ దానిని దింపలేదు. వారు మనకు చూపుచున్నది వింతగాదు, ప్రతియింటను జరుగునదే. మన యింటి కోడలికి నెలలు నిండినప్పుడు ఆమె బరువుపనిని తగ్గించుట, ఆమె పథ్యమును తానే యడిగి తెలిసికొనుట, సకాలమున వైద్యునికడకు గొనిపోవుట, ఆమె భయమును మాటలాడనిచ్చుట, పురుషుడు సిగ్గుపడక ఆ మాటలు వినుట యివియే ఆ చిత్రమును జూచినందులకు ఫలము. గోడమీది తల్లికి నమస్కరించి యింటిలోని తల్లిని మఱచినవాడు మోంటెర్కికి పోయివచ్చియు చిత్రమును జూడనివాడే.